మెంతులు కలిపిన దిష్టిబొమ్మ

ఈ మధ్య దినపత్రికల కాగితం సరిగ్గా నానడం లేదు. వార్తల సంగతి నేను మాట్లాడటం లేదు, వాటి మీద ఫిర్యాదు చేసి లాభం లేదని ఎప్పుడో తేలిపోయింది. నా బాధ కాగితంతోనే. వెనకటి పేపరును చింపి కుండలో వేసి నీళ్లు పోస్తే మూడో రోజుకు మెత్తని గుజ్జయ్యేది. ఇప్పుడు వారం దాటినా సినిమా తార మొహం సినిమా తార మొహంలాగే ఉంటోంది. అన్నీ రంగులు, నునుపు. చదవడానికి తప్ప దేనికీ పనికిరాకుండా తయారు చేస్తున్నారు. ఈ మాట మా ఇంటికి పేపరు వేసే ఆయనతో అన్నాను. ఆయన ఆ రోజు నుంచి గేటు దగ్గర ఆగకుండా సైకిల్ మీంచే విసిరిపోతున్నాడు.

కాగితం నానడం మీద నాకింత పట్టింపు రావడానికి మా నాయనమ్మ కారణం. జనగామలో మా వాడంతటికీ ఆమే చాటలు, గంపలు అలికి పెట్టేది. అలకడమంటే పేడతో కాదు. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు నానబెట్టి, రెండూ కలిపి రోట్లో రుబ్బి, ఆ ముద్దను వెదురు చాటకు రెండు వైపులా పట్టించి ఎండలో పెట్టేది. ఎండిందంటే చెక్కే. మెంతుల జిగటకు పగుళ్లు రావు, చేదుకు పురుగు ముట్టదు. తను అలికిన చాట ఒకటి తన కంటే వయసులో పెద్దదని చెప్పేది. ఆ లెక్క ఎట్లా కుదురుతుందని నేనెప్పుడూ అడగలేదు.

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. మహబూబాబాద్‌లో, అంటే మా నోట మానుకోటలో, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పార్ట్‌టైం పాఠాలు చెప్పేవాణ్ణి. రోజూ జనగామలో ప్యాసింజరు ఎక్కడం, మానుకోటలో దిగడం. నిద్రపట్టిన రోజు డోర్నకల్‌లో దిగడం. అప్పటికి ఇవేవీ జిల్లాలు కావు. జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ ఒకటే జిల్లా. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. సమ్మె మొదలై కాలేజీ మూతపడింది. మా ప్రిన్సిపాల్ అందరినీ పిలిచి, వెళ్లి ఉద్యమంలో పాల్గొనండని చెప్పాడు. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

పాల్గొనడం అనుకున్నంత తేలిక కాదు. జనగామ చౌరస్తాలో టెంటు వేశారు. పాట పాడేవాళ్లకు కొదవ లేదు. డప్పు కొట్టేవాళ్లు వంతులు వేసుకుని కొడుతున్నారు. ఇక ఉపన్యాసం. మైకు ముందు నిలబడితే నాకు పరమాణు నిర్మాణం తప్ప ఏదీ గుర్తుకు రాదు. ఒకసారి నిలబెట్టారు కూడా. మూడు నిమిషాల తర్వాత ఎవరో మంచివాడు మైకు తీగ పీకేశాడు. ఊరంతా ఏదో ఒకటి చేస్తుంటే నేను ఉత్త చేతులతో కూర్చోవడం నాకు కష్టమనిపించింది. రేపు రాష్ట్రం వచ్చాక, ‘నువ్వేం చేసినవ్’ అని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఒక్కటంటే ఒక్కటి ఉండాలి కదా. నా కోరిక అంతవరకే.

అప్పుడు నా కన్ను దిష్టిబొమ్మల మీద పడింది. రెండు రోజులకొకసారి ఎవరో ఒక నాయకుడి దిష్టిబొమ్మకు శవయాత్ర చేసి చౌరస్తాలో తగలబెట్టేవాళ్లు. దాన్ని అందరూ చేసే పద్ధతి ఒకటే. రెండు కర్రలు అడ్డంగా కట్టి, గడ్డి చుట్టి, ఎవరిదో పాత చొక్కా తొడిగి, తలకు బదులు కుండ బోర్లించి బొగ్గుతో కళ్లూ ముక్కూ గీసేవాళ్లు. అది ఎవరో తెలియడానికి మెడలో పేరు రాసిన అట్ట వేలాడదీసేవాళ్లు. అట్ట మారిస్తే మనిషి మారతాడు. ఒకనాడు వానకు అట్ట మీది అక్షరాలు కారిపోయి, ఎవరిని తగలబెడుతున్నామో తెలియకుండానే తగలబెట్టాం. అందరూ చప్పట్లు కొట్టారు గానీ నాకు తృప్తి కలగలేదు.

టెంటు బాధ్యతంతా ఒక రిటైర్డ్ తెలుగు పంతులు చూసేవాడు. అందరం ఆయన్ని సారు అనేవాళ్లం. అట్ట అవసరం లేని బొమ్మ చేస్తానని ఆయనతో అన్నాను. చూడగానే ఎవరో తెలియాలి, ముఖంలో కళ ఉండాలి అన్నాను. చెయ్యి నాయినా అన్నాడు. ఎవరు ఏం చేస్తానన్నా అడ్డు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఆ టెంటు అన్ని రోజులు నడిచింది అందుకే.

నాయనమ్మ చేత గుజ్జు రుబ్బించాను. ఎందుకో చెప్పలేదు. చెబితే మెంతులు తీయదు. ఆంధ్ర దిక్కు పెద్ద నాయకుడు ఒకాయన ఉండేవాడు, పేరెందుకు లెండి. పేపర్లలో వచ్చిన ఆయన ఫోటోలు ముందు పెట్టుకుని వారం రోజులు ముఖం చేశాను. నిజం చెప్పాలంటే ఆ ఫోటోల్లో కొన్ని గుజ్జులోకి కూడా పోయాయి. అంటే ఆయన ముఖం కొంతవరకు ఆయన ముఖంతోనే తయారైంది. కళ్లకు సీతాఫలం గింజలు. మీసానికి మసి పూసిన మక్కజొన్న పీచు. ముఖం కుదిరాక మెడ, మెడ కుదిరాక భుజాలు, తర్వాత పొట్ట. గడ్డి మీద గుజ్జు పట్టించుకుంటూ పోయాను, చెయ్యి ఆగలేదు. గోళ్లు కూడా చేశాను.

టెంటుకు తీసుకుపోతే జనం చుట్టూ చేరారు. ఎవరో చెప్పండని నిలబడ్డాను. ఒకాయన ఒక మంత్రి పేరు చెప్పాడు, పక్కాయన ఇంకో మంత్రి పేరు చెప్పాడు. మూడో ఆయన చాలాసేపు చూసి, ఇది తమ బ్యాంకు మేనేజరే అన్నాడు. చివరికి అట్ట తగిలించారు.

నలుగురు మోయాల్సిన పాడెను ఆరుగురు మోశారు. ముందు డప్పులు, అగ్గికుండ, వెనక నినాదాలు. చౌరస్తాలో నిలబెట్టి కిరోసిన్ పోసి అంటించారు. కిరోసిన్ కాలింది. చొక్కా కాలింది, ప్యాంటు కాలింది, మెడలో అట్ట కాలింది. బొమ్మ నిలబడే ఉంది. బట్టలు పోయేసరికి భుజాలు, పొట్ట చక్కగా బయటపడ్డాయి. మసి పట్టిన ముఖంలో నేను కష్టపడి తెచ్చిన చిరునవ్వు ఇంకొంచెం స్పష్టంగా కనిపించింది. మళ్లీ పోశారు. మళ్లీ కిరోసిన్ మాత్రమే కాలింది. ఎవరో చెప్పుతో కొడితే చెప్పు ఎగిరి డప్పు మీద పడింది.

పోలీసులు ప్రతిసారీ బొమ్మను గుంజుకోవడానికి వచ్చేవాళ్లు. అంటుకునేలోపు గుంజుకుంటే వాళ్లు గెలిచినట్టు, అంటుకుంటే మేం గెలిచినట్టు. ఆ రోజు ఎస్సై లాఠీ చంకలో పెట్టుకుని ఊరికే చూస్తూ నిలబడ్డాడు. డప్పులవాళ్లు అలసిపోయి ఆపాక సారు దగ్గరికి వచ్చాడు.

“పంతులు సాబ్, ఇంకో లీటర్ తెప్పియ్యమంటరా?”

సారు నా దిక్కు తిరిగాడు.

“నువ్వు కెమిస్ట్రీ గదా?”

నేను కెమిస్ట్రీయే. పుస్తకం మూసి మంటలో వేస్తే తొందరగా కాలదని, గాలి ఆడనిదే ఏదీ కాలదని ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు నేనే చెబుతాను. కాగితాన్ని మెంతులతో రుబ్బి గాలి చొరబడకుండా పొరలు పొరలుగా పట్టిస్తే అది దిష్టిబొమ్మ కాదు, గోడ. మర్నాటి నుంచి నాకు టెంటులో జంపఖానాలు పరిచే పని ఇచ్చారు. సాయంత్రం మడత పెట్టడం కూడా నేనే.

వారం రోజులు పరిచాను, మడిచాను. ఆ తర్వాత పెరట్లో ప్రయోగాలు మొదలుపెట్టాను. ఈసారి జానెడు బొమ్మలు. గోడ మీద వరుసగా పెట్టి, ఒక్కోదానికి నంబరు వేసి, దేంట్లో ఏం కలిపానో నోట్‌బుక్కులో రాసుకుని, అగ్గిపుల్ల గీసి లెక్కపెట్టేవాణ్ణి. మెంతులు సగానికి తగ్గించాను. కోతమిల్లు నుంచి రంపపు పొట్టు తెచ్చాను. పత్తి మిల్లులో నేల మీద పడ్డ దూది ఏరుకొచ్చాను. నాయనమ్మ మంచం మీద కూర్చుని అన్నీ చూసేది. నేను ఏం చేస్తున్నానో ఒకరోజు అడిగింది, చెప్పక తప్పలేదు.

“ఇన్నేండ్ల సంది చెడిపోని చాటలు చేసిన” అంది. “నువ్వు బూడిదయ్యేటియి చేస్తానంటివి. చెయ్యి. సదువుకున్నోనివి.”

కాలని బొమ్మలు మిగిలిపోయేవి. వాటిని పారేయబుద్ధి కాక ఒకదానికి తలపాగా చుట్టాను, ఒకదానికి గొడుగు పెట్టాను, ఒకదాని నోరు ఉపన్యాసం మధ్యలో ఉన్నట్టు తెరిచాను. ఎదురింటామె వచ్చి నాలుగో నంబరును తీసుకుపోయి టీవీ మీద పెట్టుకుంది. ఆరో నంబరు ఎవరి కొత్తింటికో దిష్టి తీయడానికి పోయింది. కొడకండ్ల దిక్కు తండా నుంచి ఒక లంబాడా అక్క గంపలో సీతాఫలాలు తెచ్చి మా వాడలో అమ్మేది. గోడ మీది బొమ్మలను చూసి, బట్టలు లేకుండా నిలబెట్టినవేందని నన్ను కోప్పడింది. మరుసటి వారం అద్దాలు కుట్టిన గుడ్డపీలికలు తెచ్చి, గడప మీద కూర్చుని రెండు బొమ్మలకు అంగీలు కుట్టింది. వెంట వచ్చిన ఆమెతో వాళ్ల భాషలో ఏదో అంది, ఇద్దరూ చాలాసేపు నవ్వారు. ఏమన్నావక్కా అని అడిగాను. నీకెందుకన్నది.

పదకొండో నంబరు కాలింది. లోపల బోలుగా చేశాను. మడమల దగ్గర గాలి పోవడానికి, మెడ దగ్గర పొగ రావడానికి రంధ్రాలు పెట్టాను. గుజ్జులో రంపపు పొట్టు, దూది, కర్పూరం పొడి. పదిహేను లెక్కపెట్టేలోపు బూడిద. నా కుడి కనుబొమ్మ కూడా అందులోనే పోయింది. అది మళ్లీ వచ్చింది గానీ మునుపటిలా రాలేదు.

ఆ వారమే మా బావ ఫోన్ చేశాడు. మా అక్కను ఇచ్చింది భూపాలపల్లిలో. బావకు బొగ్గుబాయిలో పని. వాళ్ల టెంటుకు మంచి బొమ్మ కావాలట. జనగామలో నేను చేసిన బొమ్మను చూడటానికి ఊరంతా కదిలిందని అక్క చెప్పిందట. అది నిజమే. మిగతాది అక్క చెప్పలేదు. నేనూ చెప్పలేదు. జంపఖానా మడత పెడుతూ సారుకు ఈ సంగతి చెప్పాను.

“ఆడ కాల్తే, మల్ల ఈడ బొమ్మ నీకే ఇస్త” అన్నాడు సారు. “కాలకుంటే నీ ఇష్టం. జంపఖానలు మాత్రం మంచిగనే పరుస్తున్నవ్.”

పదకొండో నంబరు పద్ధతిలోనే, నడుమూ మోకాళ్లూ వంగేట్టు గుడ్డ అతుకులు పెట్టి, నిలువెత్తు మనిషిని చేశాను. అదే నాయకుడు, ఈసారి నిజంగానే ఆయనలా వచ్చాడు. తెల్ల ఖద్దరు అంగీ మా నాయినది. లంబాడా అక్క జేబుకు గుండీ బదులు రూపాయి బిళ్లంత అద్దం కుట్టింది. బరువు ఎంతో కాదు, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకోవచ్చు.

బస్సులు బంద్. భూపాలపల్లి దాకా పోయే కూరగాయల వ్యాను దొరికింది. వెనక పడుకోబెడితే ముక్కు విరుగుతుందని డ్రైవరు బొమ్మను తన పక్క సీట్లో కూర్చోబెట్టి, నన్ను వెనక గోబిగడ్డల బస్తాల మధ్య కూర్చోమన్నాడు. తెల్లవారకముందే బయలుదేరాం, నేనేమీ తినలేదు. పరకాల దగ్గర మనవాళ్లే రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. ముందు సీట్లో ఖద్దరు బట్టలాయన కనిపించేసరికి అద్దం దగ్గరికి వచ్చి జై తెలంగాణ అనమన్నారు. ఆయన అనలేదు. రెండోసారి అడిగారు. ఆయన చిరునవ్వుతో ముందుకే చూస్తున్నాడు.

“ఏంది సార్, అంటే నోట్లెకెల్లి ముత్యాలు రాల్తయా?” అన్నాడొకాయన.

సంగతి ముదిరేట్టుందని గోబిగడ్డల మధ్య నుంచి నేనే మూడుసార్లు గట్టిగా జై తెలంగాణ అన్నాను. గొంతు ఎటు నుంచి వచ్చిందని ఎవరూ చూడలేదు. గట్ల అనాలె అని తోవ ఇచ్చారు.

భూపాలపల్లి టెంటు పెద్ద రోడ్డు పక్కనే. అక్కడ రిలే నిరాహార దీక్ష నడుస్తోంది. పొద్దున ఐదుగురు కూర్చుంటారు, సాయంత్రం ఐదింటికి ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి నిమ్మరసం ఇచ్చి లేపుతాడు, మర్నాడు వేరే ఐదుగురు. మా అక్క అత్తగారిని నేను అత్తమ్మ అంటాను. టెంటు వేసిన నాటి నుంచి ఒక్క పూట కూడా తప్పకుండా ఆమె అక్కడే ఉంది. ఐదుగురి లెక్క తప్పకుండా చూడటం ఆమె పని. ఎవరూ ఇవ్వలేదు, ఆమే తీసుకుంది. ఒక్కరోజు నలుగురైనా దీక్ష తెగినట్టేనని ఆమె లెక్క. బాయిలో పెద్ద పెద్ద షిఫ్టు ఇంచార్జీలు కూడా ఆమెకు జవాబు చెప్పేవాళ్లు.

నేను బొమ్మను దింపేసరికి అత్తమ్మ పరేషాన్‌గా ఉంది. ఐదో ఆయనకు జ్వరం. బొమ్మను ఆరింటికి తగలబెట్టేది, అప్పటిదాకా నాకేం పని లేదు కదా, నన్ను కూర్చోమంది. నేను సంతోషంగానే కూర్చున్నాను. ఒకే రోజు దీక్ష, దహనం రెండూ నా ఖాతాలో పడతాయనుకున్నాను. బొమ్మను వెనక స్తంభానికి ఆనించారు.

పన్నెండు దాకా బాగానే ఉన్నాను. రెండింటికి రోడ్డుకు అవతల ఒకాయన మిర్చిబజ్జీల బండి పెట్టాడు. గాలి అటు నుంచి ఇటు వీస్తోంది. పక్కన కూర్చున్న నలుగురూ బాయిలో పనిచేసే మనుషులు, వాళ్లు అటు చూడనన్నా చూడలేదు. నేను నాలుగింటి దాకా ఓర్చుకున్నాను. నాలుగింటికి మూత్రానికని చెప్పి లేచాను. ఆ మాట అబద్ధం కాదు. తర్వాత జరిగింది వేరే సంగతి.

నాలుగో బజ్జీ చేతిలో ఉండగా కార్ల మోత వినిపించింది. హైదరాబాద్ నుంచి ఉద్యమ నాయకుడు ఒకాయన, టీవీవాళ్లతో సహా, చెప్పిన సమయానికి గంట ముందే వచ్చేశాడు. నేను రోడ్డు దాటేలోపు ఆయన వెంట వచ్చిన జనం అడ్డం పడ్డారు. వాళ్ల భుజాల మీంచి నాకు టెంటు కనిపిస్తోంది. అత్తమ్మ వరుసను ఒకసారి చూసింది. నలుగురు. వెనక్కి పోయి, బొమ్మను ఎత్తుకొచ్చి, మోకాళ్లు వంచి నా స్థానంలో కూర్చోబెట్టి, భుజం మీద గులాబీ కండువా కప్పింది. ఈ పనంతా ఆమె తొందరపడకుండానే చేసింది.

నాయకుడికి ఆ రోజు ఇంకా ఎన్నో టెంట్లు ఉన్నట్టున్నాయి. కళ్లు కెమెరా మీద, చేతులు దండల మీద. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదో ఆయన మెడలో దండ వేస్తూ జేబు అద్దంలో తనను తాను చూసుకుని జుట్టు సర్దుకున్నాడు. తర్వాత నిమ్మరసం. బొమ్మ పెదాలకు గ్లాసు ఆనించాడు. అది గడ్డం మీదుగా కారింది, మీసం మసి కూడా దానితో కారింది. ఆరోగ్యం జాగ్రత్త అన్నా అని దాని భుజం తట్టి, కారెక్కి వెళ్లిపోయాడు. కార్లు మలుపు తిరిగేదాకా టెంటులో ఒక్కరూ నవ్వలేదు. భూపాలపల్లి వాళ్ల క్రమశిక్షణ నేను ఆ రోజే చూశాను.

ఆరింటికి అగ్గిపెట్టె తీసుకుని నేను సిద్ధమయ్యాను. ఎవరూ కదలలేదు. దీక్షలో కూర్చున్న మనిషిని ఎట్లా తగలబెడతామని ఆడవాళ్లు అడిగారు. ఇది మనిషి కాదు, పైగా ఫలానా నాయకుడు అన్నాను. అయితే ఏమైంది, ఆయన మనసు మారిందనుకోరాదా అన్నాడు నలుగురిలో ఒకాయన. నిమ్మరసం తాగినవాడు దీక్షాపరుడే, ఇందులో రెండో మాట లేదన్నాడు ఇంకొకాయన. మా బామ్మర్ది ఇంత దూరం నుంచి తెచ్చిండని బావ నా తరఫున ఒక్క మాట అని, వాళ్లమ్మ చూపు చూసి, షిఫ్టు ఉందని వెళ్లిపోయాడు. నేను మడమల రంధ్రాలు చూపించాను. కర్పూరం సంగతి, పదిహేను లెక్క సంగతి చెప్పాను. ఖచ్చితంగా కాలుతుందన్నాను. కాలదని అక్కడ ఎవరూ అనలేదు.

చివరికి అత్తమ్మ దగ్గరికి పోయాను. ఆమె బొమ్మ గడ్డం మీది నిమ్మరసం కొంగుతో తుడుస్తోంది. జనగామలో సారు నా ఫోను కోసం చూస్తుంటాడని చెప్పాను. నాకు పాట రాదు, మాట రాదు, నేను చేసింది ఈ ఒక్కటే, ఇది కూడా కాలకపోతే తెలంగాణ కోసం నేనేం చేసినట్టు అత్తమ్మా అని అడిగాను. ఆమె నా మీసానికి అంటిన శనగపిండిని చూసింది. తర్వాత నన్ను చూసింది.

“నువ్వు లేసిపోతివి బిడ్డా” అంది. “వాడు కూసున్నడు.”